యాప్ అయిపోయింది సరే, పెట్టేది ఎక్కడ?

మొన్న హన్మకొండ చౌరస్తాలో టీ తాగుతుంటే ఫైనల్ ఇయర్ తమ్ముడొకడు ల్యాప్‌టాప్ తెరిచి మరీ పట్టుకున్నాడు. "అన్నా, యాప్ మొత్తం అయిపోయింది, నా సిస్టంల మంచిగనే నడుస్తుంది. ఇగ ఆన్‌లైన్ల పెట్టుడే ఉంది. ఫ్రీగ ఎక్కడ పెట్టాలె?" ఎవరికోసం చేశావురా అంటే వాళ్ల మేనమామ ఫంక్షన్ హాల్ బుకింగుల కోసమట. అంటే పెళ్లిళ్ల సీజన్లో ఏ ముహూర్తానికి హాల్ ఖాళీ ఉందో చూసుకోవడానికి ఇంటిల్లిపాదీ అన్నాలు తిని కూర్చున్నాక, రాత్రి తొమ్మిది దాటాక తెరిచే యాప్ అన్నమాట. "మరి అది రాత్రి పదింటికి పడిపోతే మీ మామ ఎవరికి ఫోన్ చేస్తడు?" అని అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు.

నేను నవ్వులాటకు అడగలేదు. ఎనిమిదేళ్లుగా ఇక్కడి చిన్న చిన్న వ్యాపారాలకు యాప్‌లు చేసి పెడుతున్నాను. హోస్టింగ్ (యాప్‌ను ఆన్‌లైన్లో ఉంచే చోటు) ధరల పట్టికలు ఎన్ని పక్కపక్కన పెట్టి చూసినా చివరికి నాకు పనికొచ్చినవి రెండే ప్రశ్నలు. పడిపోయినప్పుడు లేచి చూసేది ఎవరు? జనం వచ్చే తీరు ఎట్లా ఉంటుంది?

జనం వచ్చే తీరు అంటే ఏంటో నా దగ్గరున్న మూడు యాప్‌లతో చెప్తాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి సేటుకు (కమిషన్ వ్యాపారికి) చేసింది ఒకటి, అందులో తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), హమాలీ లెక్కలు, రైతులకు ఇవ్వాల్సిన పైసలు ఉంటాయి. మిర్చి వచ్చే రోజుల్లో పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా దానికి ఊపిరాడదు, వానాకాలంలో మాత్రం రోజంతా కలిపి నలుగురు తెరిస్తే గొప్ప. నక్కలగుట్ట వైపు ఒక కోచింగ్ సెంటర్‌ది రెండోది, రోజూ వందమంది చూస్తారు, గ్రాండ్ టెస్ట్ ర్యాంకులు పెట్టిన సాయంత్రం అరగంటలో మూడు వేల మంది ఒక్కసారే వచ్చి పడతారు. మూడోది మేడారం జాతరకు గుడారాలు, బండ్లు కిరాయికిచ్చే ఆయనది. రెండేళ్లకోసారి నాలుగు రోజుల జాతర, దానికి ముందు ఓ రెండు నెలల హడావుడి, మిగతా రోజుల్లో ఆ సైట్ మీద ఈగ కూడా వాలదు. ఈ మూడింటికీ ఒకే హోస్టింగ్ చెప్పే మనిషి ఉంటే అతను అమ్మకానికి వచ్చినట్టే లెక్క.

షేర్డ్ హోస్టింగ్, అంటే సీప్యానెల్

ఒకే సర్వర్‌ను చాలామందికి పంచి, సీప్యానెల్ అనే కంట్రోల్ పేజీ చేతికిచ్చే రకం ఇది. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువమంది మొదలుపెట్టేది దీంతోనే. పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటాయి, ఫైల్ మేనేజర్లో జిప్ ఎక్కించి ఎక్స్‌ట్రాక్ట్ నొక్కితే సైట్ లేస్తుంది. వర్డ్‌ప్రెస్ సైట్, స్కూల్ సైట్, బట్టల షాపు సైట్ లాంటివాటికి ఇంతకు మించి అక్కర్లేదు, దీన్ని చులకనగా చూసేవాళ్ల మాట పట్టించుకోకండి. చూసుకోవాల్సింది రెండు. పెద్ద అక్షరాల్లో కనిపించే ధర మొదటిసారికే, అదీ మూడేళ్లకు ఒకేసారి కడితేనే వస్తుంది, రెన్యూవల్ వచ్చేసరికి రెండింతలు, మూడింతలు అవుతుంది. ఇక అన్‌లిమిటెడ్ అన్న మాట డిస్కుకు అన్నారేమో గానీ సీపీయూకు, మెమరీకి, ఒకేసారి నడిచే ప్రాసెస్‌లకు లిమిట్ ఉంటుంది, అది షరతుల పేజీలో ఎక్కడో కింద రాసి ఉంటుంది. నోడ్, జాంగోలతో రాసిన యాప్‌లు కొన్నింట్లో నడుస్తాయి గానీ బ్యాక్‌గ్రౌండ్ జాబ్ (వెనక నడిచే పని) అన్నా వెబ్‌సాకెట్ (ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్) అన్నా చేతులెత్తేస్తాయి.

కోచింగ్ సెంటర్ యాప్ మొదట ఇట్లాంటి ఒకదాంట్లోనే పెట్టాను, పేరెందుకు గానీ. ర్యాంకులు పెట్టిన సాయంత్రం ఆరింటికి లింక్ వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లింది, ఆరూ పదికి లిమిట్ దాటిందని 508 ఎర్రర్, ఆరున్నరకు అకౌంట్ సస్పెండ్. మీ వల్ల పక్క కస్టమర్లకు ఇబ్బంది అవుతోందని మెయిల్. చాట్లో ఉన్నాయన పై ప్లాన్ తీసుకోమంటాడు, తీసుకున్నాక మార్చడానికి నాలుగు గంటలు పడుతుందంటాడు, ఇటు డైరెక్టర్ సార్ ఫోన్ మీద ఫోన్. చివరికి ఎక్సెల్‌ను పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంపాం. సగం తప్పు నాదే, షేర్డ్ అంటే పదిమందితో పంచుకునేదని పేరులోనే ఉంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆలోచిస్తే తట్టిన సంగతి ఇది: ర్యాంకులు ఒకసారి పెట్టాక మారవు కదా, మూడు వేలసార్లు డేటాబేస్‌ను అడగడం ఎందుకు?

మారని పేజీకి సర్వర్ ఎందుకు

గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై లాంటివి ఉన్నది దీనికే. తయారైన హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, బొమ్మలు వాళ్లకిస్తే ప్రపంచమంతా పెట్టుకున్న తమ సర్వర్ల నుంచి పంచుతారు, మీ వైపు పడిపోవడానికంటూ ఏమీ ఉండదు. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ 1 జీబీ దాటకూడదు, నెలకు 100 జీబీ దాకా ట్రాఫిక్ అని ఒక మెత్తని హద్దు ఉంది, ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి వాడొద్దని కూడా రాశారు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచిత ప్లాన్లో స్టాటిక్ ఫైళ్ల, అంటే ఇట్లా ముందే తయారై మారని ఫైళ్ల, ట్రాఫిక్‌కు లెక్క లేదు, నెలకు 500 బిల్డులు (కోడ్‌ను నడిచే రూపంలో తయారుచేయడం), సైట్‌కు 20,000 ఫైళ్లు, ఒక్కో ఫైలు 25 ఎంబీ లోపు. నా ఓటు దీనికే.

ఇప్పుడు కోచింగ్ సెంటర్ ర్యాంకులు విద్యార్థికొక చిన్న జేసన్ (డేటా) ఫైల్‌గా తయారై క్లౌడ్‌ఫ్లేర్‌కు వెళ్తాయి. పక్కోడి హాల్ టికెట్ నంబర్ కొట్టి మార్కులు చూడకుండా పుట్టినతేదీ కూడా కలిపి హ్యాష్ చేసి, అంటే గజిబిజి గుర్తుగా మార్చి, దాన్నే ఫైల్ పేరుగా పెట్టాను. మాక్ టెస్ట్ మార్కులకు అది చాలు, అంతకన్నా గోప్యమైన వాటికి చాలదు, పట్టుదల ఉన్నవాడు తేదీలన్నీ వరసపెట్టి ప్రయత్నిస్తే దొరికిపోతుంది. మిగతా యాప్, అంటే ఫీజులు, హాజరు, ఎప్పట్లాగే పాత చోట హాయిగా నడుస్తోంది. మొత్తం మార్చాల్సిన పని లేదు, మంట ఉన్న చోట నీళ్లు పోస్తే అయిపోతుంది.

ఉచితం అనగానే దూకేముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి, లిమిట్ దాటితే సైట్ ఆగుతుందా, బిల్లు పెరుగుతుందా? 2024 ఫిబ్రవరిలో ఒక చిన్న స్టాటిక్ సైట్ పెట్టుకున్న మనిషికి లక్ష డాలర్ల పైన బిల్లు వచ్చింది, ఎవరో పనిగట్టుకుని ట్రాఫిక్ కుమ్మరించారు. గొడవ బయటికొచ్చాక కంపెనీ మాఫీ చేసింది. గొడవ చేసే ఓపిక, ఇంగ్లిష్ మనందరికీ ఉండవు కాబట్టి ఆగిపోయే రకమే మంచిది.

గిట్ పుష్ చేస్తే చాలు అనేవి

సరే, తమ్ముడి దగ్గరికి వద్దాం. వాడికి డేటాబేస్ కావాలి, లాగిన్ కావాలి, స్టాటిక్ కుదరదు. వాడి మనసులో ఉన్నది రెండర్, రైల్వే, వెర్సెల్ లాంటివి. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోకి మన కోడ్ తోస్తే (గిట్ పుష్ అంటే ఇదే) వాళ్లే బిల్డ్ చేసి, డేటాను దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ పెట్టి, లింక్ చేతికిస్తారు. ఈ పద్ధతిని జనానికి అలవాటు చేసింది 2007లో మొదలైన హెరోకు. ఎన్నో ఏళ్లు ఉచితంగా ఇచ్చి 2022 నవంబర్ 28న ఉచిత ప్లాన్లు తీసేసింది, ఆ వారంలో ఎంతమంది రెజ్యూమెల్లో ప్రాజెక్టు లింకులు చచ్చిపోయాయో. అందుకే ఉచిత ప్లాన్ మీద వ్యాపారం పెట్టొద్దంటాను. అది వాళ్ల దయ, మనకేమీ హక్కు కాదు.

ఉచిత ప్లాన్లో ఏం జరుగుతుందో చూడండి. రెండర్‌లో పదిహేను నిమిషాలు ఎవరూ రాకపోతే యాప్ నిద్రపోతుంది, మళ్లీ లేవడానికి ఒక నిమిషం దాకా పట్టొచ్చు. ఆ నిమిషంలో నర్సంపేటలో కూర్చుని ఫోన్లో తేదీ చూసుకుంటున్న పెళ్లికూతురు తండ్రికి లోడవుతూ తిరిగే చక్రం తప్ప ఏమీ కనపడదు, ఆయన ఆగడు, వేరే హాల్‌కు ఫోన్ కొడతాడు. ఐదు నిమిషాలకోసారి పింగ్ చేసి నిద్రపోనివ్వకుండా ఉంచే చిట్కా అందరికీ తెలుసు, కానీ నెలకు ఇచ్చేది 750 గంటలే, ముప్ఫై ఒక్క రోజుల నెలకు 744 గంటలు, అంటే ఒక్క యాప్‌కు సరిగ్గా సరిపోతుంది, రెండోది పెడితే ఇరవయ్యో తారీఖు రాకముందే రెండూ ఆగుతాయి. అక్కడి ఉచిత పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే ముప్ఫై రోజులకే గడువు తీరుతుంది. డేటాబేస్ ఇచ్చే ఇంకో కంపెనీ సుపాబేస్ ఉచిత ప్రాజెక్టు వారం రోజులు కదలిక లేకపోతే పాజ్ అవుతుంది. వెర్సెల్ హాబీ ప్లాన్ సొంత వాడకానికే, వ్యాపారానికి కాదని షరతుల్లోనే ఉంది, మామ హాల్ బుకింగులు వ్యాపారం కాక మరేంటి.

డబ్బు కట్టే ప్లాన్ అయితే మాట వేరు. నాకు తెలిసి ఉద్యోగం చేసుకుంటూ పక్కన ఒకటి రెండు యాప్‌లు నడిపేవాళ్లకు, ఒంటరిగా ఉన్నవాళ్లకు, ఇదే సరైన చోటు. రెండర్‌లో నెలకు 7 డాలర్లకు నిద్రపోని సర్వీస్ వస్తుంది, డేటాబేస్‌కు ఇంచుమించు అంతే. కొత్త కోడ్ తప్పయితే ఒక్క బటన్‌తో పాతదానికి వెనక్కి వెళ్లొచ్చు, లాగ్‌లు (యాప్ రాసుకునే చిట్టాలు) బ్రౌజర్లోనే కనిపిస్తాయి, బస్సులో కూర్చుని ఫోన్లోనే రీస్టార్ట్ చేసుకోవచ్చు. రాత్రి పదింటి ఫోన్ వస్తే సగం వాళ్లే ఎత్తుతారు, మన కోడ్ తప్పులు మాత్రమే మనవి.

దూరం గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. రెండర్‌కు మన దేశంలో రీజియన్, అంటే సర్వర్లుండే కేంద్రం, లేదు, దగ్గరిది సింగపూర్. అది ఫర్వాలేదు, మనుషులకు తేడా పెద్దగా తెలియదు. అసలు చిక్కు యాప్ ఒకచోట, డేటాబేస్ ఇంకోచోట ఉంటే వస్తుంది. వెర్సెల్లో ఏమీ మార్చకపోతే ఫంక్షన్లు, అంటే సర్వర్ వైపు నడిచే మన కోడ్ ముక్కలు, వాషింగ్టన్ దగ్గర నడుస్తాయి. డేటాబేస్ మాత్రం దగ్గరగా ఉండాలని ముంబైలో పెడతాం. ఒక్కో క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) అమెరికా నుంచి ముంబై వచ్చి వెళ్లడానికి దాదాపు 200 మిల్లీసెకండ్లు, పేజీలో ఒకదాని తర్వాత ఒకటి ఎనిమిది క్వెరీలుంటే ఒకటిన్నర సెకను పైన ఉత్త ప్రయాణానికే పోతుంది, తిట్లు మాత్రం యాప్ రాసిన నెక్స్ట్ జేఎస్ ఫ్రేమ్‌వర్క్‌కు పడతాయి. సెట్టింగ్స్‌లో రీజియన్ ముంబైకి మార్చండి, అంతే. అమెజాన్ ముంబై రీజియన్ 2016లో వచ్చింది, 2022 నవంబర్లో హైదరాబాద్‌లో కూడా పెట్టారు, మనకు నూట యాభై కిలోమీటర్లే కదా అని అక్కడే పెట్టాలని మనసు లాగుతుంది. ముంబైకి, దానికి మధ్య తేడా మీ యూజర్లకు తెలియనే తెలియదు, సర్వీసులు ముంబైలోనే ఎక్కువ.

వీపీఎస్

నాకు ఇష్టమైనది ఇదే, కాబట్టి నా మాట కొంచెం తగ్గించి వినండి. వీపీఎస్ అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్, ఒక లినక్స్ మెషిన్ మొత్తం మన చేతికిస్తారు, రూట్ పాస్‌వర్డ్‌తో సహా, ఆ తర్వాత అందులో ఏం జరిగినా మనదే బాధ్యత. డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులో, లినోడ్‌కు, లైట్‌సెయిల్‌కు ముంబైలో సర్వర్లున్నాయి. డిజిటల్ ఓషన్‌లో 1 జీబీ మెమరీది నెలకు 6 డాలర్లు, 2 జీబీది 12. అదే మెషిన్లో పోస్ట్‌గ్రెస్, యాప్, వచ్చినవాళ్లను యాప్ దగ్గరికి పంపే ఎన్‌జిన్‌ఎక్స్ అన్నీ పెట్టుకోవచ్చు, ఒకటి కాదు నాలుగు చిన్న యాప్‌లు పెట్టుకోవచ్చు, బిల్లు మారదు. సేటు యాప్ ఉన్నది ఇందులోనే. వాడకం ఎంత పెరిగినా నెల బిల్లు ముందే తెలియడం సేట్లకు బాగా నచ్చుతుంది, నెలకో రకం బిల్లు చూపిస్తే మనమేదో మధ్యలో నొక్కేస్తున్నామని అనుకుంటారు.

హెచ్‌టీటీపీఎస్‌కు పైసా ఖర్చు లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ సర్ట్‌బాట్‌తో వస్తుంది, దానికదే రెన్యూ అవుతుంది. ఇప్పటికీ ఎస్‌ఎస్‌ఎల్ అని ఏడాదికి రెండు మూడు వేలు వసూలు చేసేవాళ్లున్నారు, ఇవ్వొద్దు.

ఇక కష్టాలు. 1 జీబీ మెషిన్లో ఎన్‌పీఎం బిల్డ్ నడిపితే మెమరీ చాలక మధ్యలో కిల్డ్ అని వచ్చి ఆగిపోతుంది, దాంతోపాటు కొన్నిసార్లు డేటాబేస్‌ను కూడా పడగొడుతుంది. 2 జీబీ స్వాప్ (డిస్క్‌లో కొంత భాగాన్ని మెమరీలా వాడుకోవడం) పెట్టండి, ఇంకా మంచిది బిల్డ్ గిట్‌హబ్ వాళ్ల మెషిన్ల మీద, గిట్‌హబ్ యాక్షన్స్‌లో చేసి తయారైనదే సర్వర్‌కు పంపడం. నేను చూసినంతలో హ్యాకింగ్ కన్నా డిస్క్ నిండి చచ్చిన సర్వర్లే ఎక్కువ, పాత డాకర్ ఇమేజ్‌లు (యాప్‌ను డబ్బాలో పెట్టినట్టు నడిపే డాకర్ మిగిల్చే కట్టలు), ఎప్పుడూ చెరపని లాగ్ ఫైళ్లు పేరుకుని ఒకరోజు పోస్ట్‌గ్రెస్ రాయలేను పొమ్మంటుంది. మాకైతే అది మిర్చి సీజన్ నడిమధ్యనే అయ్యింది, సేటు గుమస్తా ఫోన్: "సార్, పట్టీ వస్తలేదు, రైతులు లైన్ల నిలబడ్డరు." నేను అప్పుడు కాజీపేట స్టేషన్లో రైలెక్కుతున్నాను. ఫోన్లోంచే ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్లోకి వెళ్లి లాగ్‌లు చెరిపేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, అంతసేపూ గుమస్తా కాగితం మీద కార్బన్ పెట్టి రాశాడు. ఇప్పుడు డిస్క్ 80 శాతం దాటితే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. పదిహేను లైన్ల స్క్రిప్ట్, ముందే రాసుకోవాల్సింది.

ఇంకోటి, డాకర్ వాడేవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పెట్టి 22, 80, 443 తప్ప అన్ని పోర్టులూ (సర్వర్ తలుపులు) మూసేశామని ధీమాగా ఉంటాం. డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ పోర్టును 5432:5432 అని తెరిస్తే అది ఆ ఫైర్‌వాల్‌ను దాటేసుకుని నేరుగా ప్రపంచానికి తెరుచుకుంటుంది, ఎందుకంటే డాకర్ లినక్స్ నెట్‌వర్క్ రూల్స్ ఉండే ఐపీటేబుల్స్‌లో తన రూల్స్ తానే రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ వంతు వచ్చేలోపే ప్యాకెట్ లోపలికి వెళ్లిపోతుంది. నేను నేర్చుకున్నది దెబ్బ తిని. ఒక టెస్ట్ డేటాబేస్‌కు బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టి ఇట్లా వదిలేస్తే మూడో రోజు టేబుళ్లన్నీ మాయం, బిట్‌కాయిన్ పంపమని ఒక టేబుల్‌లో ఉత్తరం. టెస్ట్ డేటా కాబట్టి నవ్వుకున్నాను గానీ అదే సేటు లెక్కలైతే ఏనుమాముల వైపు మళ్లీ ముఖం చూపించేవాణ్ని కాదు. ముందు 127.0.0.1 చేర్చి 127.0.0.1:5432:5432 అని రాస్తే ఆ మెషిన్ లోపలే ఉంటుంది.

బ్యాకప్ సంగతి. ప్రొవైడర్ దగ్గర వారానికోసారి తీసే బ్యాకప్‌కు మెషిన్ ధరలో 20 శాతం అదనం, తీసుకోండి. దాన్నే నమ్ముకోకండి కూడా, కార్డ్ ఫెయిలయ్యి అకౌంటే మూతపడితే బ్యాకప్ కూడా లోపలే ఇరుక్కుంటుంది. రోజూ రాత్రి పీజీ డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) తీసి వేరే కంపెనీ స్టోరేజ్‌కు పంపండి, నెలకోసారి దాన్ని మీ ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి నిన్నటి తక్‌పట్టీ కనిపిస్తుందో లేదో చూడండి. మొదటిసారి నేను చూసినప్పుడు మూడు నెలల ఫైళ్లూ సున్నా బైట్లు, వేళకు పని నడిపే క్రాన్‌లో పాస్‌వర్డ్ తప్పు.

ఇదంతా చదివి భయమేస్తే మధ్యేమార్గం ఒకటుంది. అదే వీపీఎస్ మీద కూలిఫై, డొక్కు అనే సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకటి వేసుకుంటే గిట్ పుష్ సౌకర్యం వస్తుంది, బిల్లు వీపీఎస్‌దే. కానీ మెషిన్ కాపలా ఇంకా మీదే, పైగా కూలిఫైకి తనకంటూ 2 జీబీ మెమరీ ఉంటే గానీ సుఖంగా ఉండదు.

పెద్ద క్లౌడ్‌లు

అమెజాన్, అజ్యూర్, గూగుల్. ఉద్యోగానికి నేర్చుకోండి, మడికొండ ఐటీ పార్కుకు పోయినా హైటెక్ సిటీకి పోయినా ఇవే అడుగుతారు. మీ షాపు యాప్‌కు మాత్రం అందులో ఒకటి రెండు ముక్కలే పనికొస్తాయి.

అలాంటి ఒక ముక్క మేడారం సైట్‌కు అతికినట్టు సరిపోయింది. రెండేళ్లలో ఇరవై రెండు నెలలు ఖాళీగా ఉండే దానికి నెలనెలా సర్వర్ కిరాయి ఎందుకు? పేజీలు క్లౌడ్‌ఫ్లేర్‌లో స్టాటిక్‌గా ఉన్నాయి, బుకింగ్ ఫారం మాత్రం ఒక ఫంక్షన్‌కు వెళ్తుంది. ఎవరైనా ఫారం పంపినప్పుడే అది లేస్తుంది, పని చేసి పోతుంది, ఎవరూ లేనప్పుడు బిల్లు సున్నా. దీన్నే సర్వర్‌లెస్ అంటున్నారు. అమెజాన్ ల్యామ్డాలో నెలకు పది లక్షల రిక్వెస్టులు ఉచితం, క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్‌లో రోజుకు లక్ష. నేను వర్కర్స్ తీసుకున్నాను, ఎందుకంటే ఉచిత ప్లాన్లో లక్ష దాటితే ఆగుతుంది తప్ప బిల్లు రాదు, జాతర ముందు రెండు నెలలు 5 డాలర్ల ప్లాన్‌కు మారి తర్వాత దిగిపోతాం. పేజీ సైజు 50 కేబీ లోపు ఉంచాను, జాతర రోజుల్లో తాడ్వాయి దాటాక సిగ్నల్ దొరకడమే గగనం, ఎంత గొప్ప క్లౌడైనా టవర్ దగ్గర ఆగాల్సిందే. ఒక హెచ్చరిక: ఫంక్షన్లు సర్వర్‌లెస్‌లో పెట్టి డేటాబేస్ మాత్రం ఇరవై నాలుగు గంటలు నడిచే ఆర్‌డీఎస్ (అమెజాన్ డేటాబేస్) తీసుకుంటే బిల్లు ఇరవై నాలుగు గంటలకూ వస్తుంది, అసలు ఉద్దేశమే పోయినట్టు.

అమెజాన్లో మామూలు మెషిన్, అంటే ఈసీ2 తీసుకునేవాళ్లకు రెండు మాటలు. ఏడాది ఉచితం అని పాత వీడియోల్లో చెప్పేది 2025 జులై 15 తర్వాత తెరిచే అకౌంట్లకు లేదు, ఇప్పుడు క్రెడిట్లు ఇస్తారు, గరిష్ఠంగా 200 డాలర్లు, ఉచిత ప్లాన్ ఆరు నెలలు. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కూ (ఇంటర్నెట్లో మెషిన్ చిరునామా) గంటకు అర సెంటు, అంటే నెలకు దాదాపు మూడున్నర డాలర్లు, విడిగా పడుతుంది. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, కానీ అది చెప్పడం వరకే, దానంతటదే ఏదీ ఆపదు. ట్యుటోరియల్ చూసి నాట్ గేట్‌వే (గంటల లెక్కన బిల్లయ్యే ఒక నెట్‌వర్క్ ముక్క) తయారుచేసి మర్చిపోయిన విద్యార్థులు నెలకు ముప్ఫై డాలర్లు కట్టుకున్న కథలు నా దగ్గరే రెండున్నాయి.

ఒరాకిల్ క్లౌడ్ వాళ్ల ఎప్పటికీ ఉచితం మెషిన్ గురించి ప్రతి బ్యాచ్‌లో ఒకడు అడుగుతాడు. వాళ్లకు హైదరాబాద్‌లో రీజియన్ కూడా ఉంది. దొరికితే నేర్చుకోవడానికి బ్రహ్మాండం, కానీ ఖాళీగా ఉన్న ఉచిత మెషిన్‌ను వెనక్కి తీసుకుంటామని వాళ్లే రాసుకున్నారు, వ్యాపారం పెట్టొద్దు.

కుబెర్నెటీస్, అంటే ఎన్నో మెషిన్ల మీద యాప్‌లను నడిపించే వ్యవస్థ, వద్దు. అమెజాన్లో దాన్ని నడిపే కంట్రోల్ ప్లేన్ ఒక్కదానికే గంటకు 10 సెంట్లు, నెలకు 73 డాలర్లు, అందులో మీ యాప్ ఇంకా మొదలు కూడా కాలేదు.

ఇంట్లో పాత డెస్క్‌టాప్‌ను సర్వర్ చేద్దామనే ఉత్సాహవంతులకు: మన ఇళ్లకొచ్చే చాలా కనెక్షన్లు సీజీనాట్ (చాలా ఇళ్లకు కలిపి ఒకే ఐపీ అడ్రస్ ఇచ్చే ఏర్పాటు) వెనక ఉంటాయి, బయటి నుంచి నేరుగా రాలేరు, క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్‌తో దారి చేసుకోవచ్చు. నేనూ చేశాను, మా నాన్న సీరియల్ అయిపోయాక ఇంటర్నెట్ స్విచ్ కట్టేసేదాకా బాగానే నడిచింది. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోతే ఇక చెప్పేదేముంది. నేర్చుకోవడానికి మాత్రం ఇంతకు మించిన బడి లేదు.

పైసలు కట్టే దగ్గర

ఎవరూ రాయరు గానీ మన దగ్గర సర్వర్లు ఆగేది ఎక్కువగా దీనివల్లే. ఆర్‌బీఐ 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు ఆటో డెబిట్‌కు ముందు అనుమతి నియమం తెచ్చింది, అప్పట్నుంచి డాలర్లలో తీసుకునే బయటి కంపెనీల నెలవారీ డెబిట్లు చాలా కార్డుల్లో తిరగ్గొడుతున్నాయి. పేమెంట్ ఫెయిల్ అని మెయిల్ వస్తుంది, అది ప్రమోషన్స్ ట్యాబ్‌లో కూర్చుంటుంది, పది పదిహేను రోజుల తర్వాత సర్వర్ ఆపేస్తారు. క్యాలెండర్‌లో బిల్లు తేదీ పెట్టుకుని చేత్తో కట్టండి, కుదిరితే ముందే కొంత క్రెడిట్ వేసి పెట్టుకోండి. అమెజాన్ మన దేశపు అకౌంట్లకు రూపాయల్లోనే బిల్లిస్తుంది. ఎక్కడైనా 18 శాతం జీఎస్టీ కలిపి లెక్కేసుకోవాలి, 6 డాలర్లు అంటే చేతికి ఆరు వందల పైనే. సేటుకు జీఎస్టీ నంబర్ ఉంటే అకౌంట్‌లో అది పెట్టిస్తే ఆ పన్ను ఆయన వెనక్కి సర్దుకుంటాడు, చెప్పి చూడండి, మీ మీద గౌరవం పెరుగుతుంది.

డొమైన్, అంటే సైట్ పేరు, మాత్రం హోస్టింగ్ తీసుకున్న చోట తీసుకోవద్దు, మీ పేరు మీద అసలే వద్దు. కస్టమర్ మెయిల్, కస్టమర్ ఫోన్ నంబర్‌తో వేరే రిజిస్ట్రార్ దగ్గర కొనిపించండి. హోస్టింగ్ వాడితో గొడవైతే డీఎన్‌ఎస్ (ఆ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) మార్చుకుని గంటలో ఇంకోచోట లేవొచ్చు. రేపు మీరు బెంగళూరు వెళ్లిపోయినా ఆయన దుకాణం పేరు ఆయన దగ్గరే ఉంటుంది.

తమ్ముడికి చివరికి చెప్పింది ఇది. నెలకు పద్నాలుగు, పదిహేను వందలు మామ దగ్గర తీసుకో, డబ్బు కట్టే ప్లాన్లో సింగపూర్‌లో యాప్, అక్కడే డేటాబేస్ పెట్టు, చదువైపోయి ఉద్యోగంలో పడ్డాక కూడా నీకు భారం కాదు. వీపీఎస్ వద్దు, పరీక్షలప్పుడు నువ్వు డిస్క్ చూసుకోవు. "మామ నెలకు అన్ని పైసలు ఇయ్యడన్నా" అన్నాడు. ఒక్క పెళ్లి కిరాయిలో అది గేటు మీది పూలదండకు కూడా రాదు కదరా అన్నాను. అప్పటికీ ఇవ్వనంటే గూగుల్ క్యాలెండర్‌లో హాల్ తేదీలు పెట్టి లింక్ షేర్ చేయమన్నాను, దానికి యాప్ కూడా అక్కర్లేదు. వాడికి అది నచ్చలేదు, ఆరు నెలల కష్టం కదా.

సేటు యాప్ ఇప్పుడు 1 జీబీ మీద నడుస్తోంది. జనవరిలో మిర్చి బస్తాలు దిగడం మొదలయ్యేముందు ఒక ఆదివారం దాన్ని 2 జీబీకి పెంచుతాను, మే దాటాక మళ్లీ దించుతాను. పెంచేటప్పుడు సీపీయూ, మెమరీ మాత్రమే అన్న ఆప్షన్ ఎంచుకోవాలి, డిస్క్ కూడా పెంచితే మళ్లీ తగ్గించడం కుదరదు. మొదటి ఏడాది అది చూసుకోక వానాకాలమంతా డబుల్ బిల్లు కట్టాం.